చెద పట్టిన కవాటం: బాగుచేయడమా, మార్చడమా?

ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం
మదీనత్ ఖలీఫా, దోహా



షిఫ్టు డ్యూటీలు, పిల్లల పరీక్షలు, ఊరికి పంపాల్సిన డబ్బు లెక్కలు పక్కన పెట్టి, ఒక జబ్బు గురించి వినడానికి ఇంతమంది వచ్చి కూర్చున్నారు. అది నా మీద గౌరవం కాదని నాకు తెలుసు, సుబ్బారావు గారి పేరు మీద గౌరవం. మదీనత్ ఖలీఫా అనగానే మనవాళ్ళలో చాలామందికి ముందు గుర్తొచ్చేవి ట్రాఫిక్ ఆఫీసు, లైసెన్సు పరీక్ష. ఈ ఒక్క సాయంత్రం ఆ వరసలో ఒక భీమవరం మనిషిని కూడా చేర్చుకుందాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ చేజారి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత 1929లో ఏటీపీని వెలికితీశారు. ఇప్పుడు ఈ హాల్లో కొట్టుకుంటున్న ప్రతి గుండే ఆ రెండిటి మీదే నడుస్తోంది. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళాక ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్ ఆయన నడిపిన ప్రయోగశాలల నుంచే వచ్చాయి. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుక్కున్నారు. టెట్రాసైక్లిన్ వంశంలో అది మొదటి మందు. 1948లో ఆ మందు సంగతి లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి పోయారు.

ఆయన్ని గౌరవించడానికి అతిశయోక్తులు అక్కర్లేదు కాబట్టి నిజం చెప్పుకుందాం. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే జబ్బుకు, అంటే గుండె వాల్వుకు క్రిముల వల్ల పట్టే చీడకు, ఆరియోమైసిన్ మందు కాదు. ఆ మందు క్రిమిని పెరగనివ్వదు, అంతే. పెరగడం ఆగిన క్రిమిని పట్టి చంపడం మన తెల్లకణాల పని. గుండె వాల్వు మీద పేరుకున్న ముద్దలోకి మాత్రం తెల్లకణాలు సరిగా చొరబడలేవు. అక్కడ మందే క్రిమిని చంపాలి. వాల్వు చీడకు పెనిసిలిన్ లాంటి మందులు పనికొచ్చి, టెట్రాసైక్లిన్లు సాధారణంగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. అయితే చంపే మందు కూడా ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. ఈ ఉపన్యాసం ఆ హద్దు దగ్గర మొదలవుతుంది.

1

మన పాఠ్యపుస్తకాలు వాల్వును కవాటం అన్నాయి. కవాటం అంటే తలుపు. ఈ పేరు పెట్టినవారు ఎవరో కానీ మంచి పని చేశారు, ఎందుకంటే ఇవాళ్టి విషయమంతా తలుపు భాషలోనే చెప్పుకోవచ్చు. గుండె ఎడమ వైపు, పై గదికీ కింది గదికీ నడుమ మైట్రల్ అనే కవాటం ఉంది. దానికి రెండు రెక్కలు. రెక్కల చుట్టూ గుమ్మంలాంటి ఒక వలయం. రెక్కలు వెనక్కి తిరగబడిపోకుండా కింది గది గోడ నుంచి సన్నటి తాళ్ళు పట్టి ఉంచుతాయి. రోజుకు సుమారు లక్షసార్లు ఆ తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. రెక్క నున్నగా ఉన్నంతకాలం రక్తంలో కొట్టుకొచ్చే క్రిములు దాని మీద నిలవలేవు. చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరం వల్లనో, పుట్టుకతో వచ్చిన లోపం వల్లనో, వయసు వల్లనో రెక్క గరుకెక్కితే అక్కడ సన్నటి గడ్డ కడుతుంది. చిగుళ్ళ నుంచో, చర్మం మీది పుండు నుంచో, నరానికి ఎక్కించిన సూది నుంచో రక్తంలోకి వచ్చిన క్రిమి ఆ గడ్డలో కాపురం పెడుతుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ లాంటి మొండి క్రిమికైతే గరుకు రెక్క కూడా అక్కర్లేదు.

అలా పెరిగిన ముద్దను డాక్టర్లు వెజిటేషన్ అంటారు. మన చెవికి ఆ మాట కూరగాయల దుకాణంలా వినిపిస్తుంది. చూడటానికీ అది కాలీఫ్లవర్ ముక్కలాగే ఉంటుందిలెండి. ఆ ముద్ద మూడు రకాల నష్టం చేస్తుంది. రెక్కను తినేస్తుంది, తాళ్ళను తెంపుతుంది. ముక్కలుగా ఊడి మెదడుకో, ప్లీహానికో, మూత్రపిండానికో, కాలి రక్తనాళానికో పోయి అడ్డం పడుతుంది. మూడోది, రెక్కను దాటి గుమ్మంలోకి తొలుచుకుపోయి చీముగడ్డ కడుతుంది. 1885లో విలియం ఆస్లర్ లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ జబ్బును వరసగా వర్ణించాడు. వర్ణించగలిగాడు కానీ నయం చేయలేకపోయాడు. పెనిసిలిన్ వచ్చేదాకా ఈ జబ్బు పట్టిన మనిషి దాదాపు ఎప్పుడూ బతకలేదు. 1944లో బ్రూక్లిన్‌లో లియో లోవే వరసగా ఏడుగురిని పెనిసిలిన్‌తో బతికించి చూపించాకే ఆ తీర్పు మారింది. నాలుగు నుంచి ఆరు వారాలు నరం ద్వారా మందు ఎక్కించడం అన్న పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అయినా చెదపురుగు చచ్చినంత మాత్రాన తిన్న చెక్క తిరిగి రాదు కదా. క్రిమి పోయినా చిల్లుపడిన రెక్క చిల్లుతోనే ఉంటుంది, రక్తం వెనక్కి కారుతూనే ఉంటుంది. అందుకే ఇప్పటికీ ఈ రోగుల్లో దాదాపు సగం మందికి ఆపరేషన్ తప్పడం లేదు.

2

ఆపరేషన్ అనగానే రెండు దార్లు. చెద తిన్న మేర చెక్కేసి, అతుకు వేసి, పాత తలుపునే నిలబెట్టడం ఒకటి. తలుపు ఊడబీకి కొత్తది బిగించడం రెండోది. ఈ రెండు దార్లనూ వేసిన సర్జన్లు ఇద్దరు. 1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జన్, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి పంజరంలో బంతి ఆడే వాల్వును మనిషి గుండెలో బిగించి నిలబెట్టారు. పారిస్‌లో అలైన్ కార్పెంటియర్ రెక్కలను కత్తిరించి కుట్టే పద్ధతులను, సాగిపోయిన గుమ్మాన్ని బిగించే రింగును తయారుచేశాడు. కార్పెంటియర్ అన్న ఆ ఇంటిపేరుకు ఫ్రెంచిలో అర్థం వడ్రంగి. నేను కల్పించింది కాదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, పంది వాల్వును గ్లూటరాల్డిహైడ్‌లో ఊరబెట్టి మనిషికి పనికొచ్చేలా చేసిందీ ఆయనే. అంటే రిపేరుకు పితామహుడైనవాడే మార్పిడి వాల్వుల్లో సగానికి కూడా తండ్రి. 2007లో స్టార్‌కూ కార్పెంటియర్‌కూ లాస్కర్ బహుమతి కలిపి ఇచ్చారు. ఏది గొప్పదన్న తగవులో తీర్పరులు ఎటూ మొగ్గలేదు. వాళ్ళు చేసింది సబబేనని నా అభిప్రాయం.

చీడ పట్టిన గుండెలో కొత్త వాల్వు పెట్టడానికి మొదట్లో అందరూ జంకారు. మంట ఇంకా ఆరని ఇంట్లో కొత్త తలుపు బిగించినట్టు ఉంటుందని భయం. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు చీడ చురుగ్గా ఉన్నప్పుడే వాల్వు తీసేసి కృత్రిమ వాల్వు పెట్టి, రోగి బతకగలడని చూపించారు. ఆ తర్వాత పాతికేళ్ళపాటు మార్పిడే దారి అయింది. రిపేరుకు అడ్డుపడింది కూడా ఆ పాత భయమే, కాకపోతే వేషం మార్చుకుని వచ్చింది. రోగి రెక్కలు ఉంచేస్తే వాటిలో క్రిమి దాక్కుంటుంది కదా అన్నారు. 1990లో ద్రేఫ్యూస్, కార్పెంటియర్ బృందం చురుకైన దశలో చేసిన రిపేర్ల ఫలితాలు ప్రచురించాక ఆ భయం సడలడం మొదలైంది.

రిపేరు ఎలా చేస్తారో ఒక్కసారి దగ్గర నుంచి చూద్దాం. గుండెను ఆపి, పని హార్ట్ లంగ్ మిషన్‌కు అప్పగించి, ఎడమ పై గదిని తెరుస్తారు. ముద్దను, దాని చుట్టూ మెత్తబడిన రెక్కను, ఆరోగ్యమైన అంచు కనిపించేదాకా కత్తిరిస్తారు. ఈ దశలో పీనాసితనం పనికిరాదు. ఎంత మిగులుతుందో తర్వాత చూసుకోవాలి, ముందు తినేసిన భాగం మొత్తం పోవాలి. చిల్లు పడితే రోగి గుండె చుట్టూ ఉండే పెరికార్డియం పొర నుంచే ఒక ముక్క కోసి, గ్లూటరాల్డిహైడ్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, అతుకుగా కుడతారు. తెగిన తాళ్ళ స్థానంలో గోర్‌టెక్స్ దారాలు వేస్తారు. ఆ పైన కింది గదిలోకి సెలైన్ నింపి చూస్తారు. గది నిండి రెక్కలు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకున్నాయా, ఏ మూలనైనా నీళ్ళు ఉబికి వస్తున్నాయా? ఊళ్ళో కొత్తగా కట్టిన తొట్టికి నీళ్ళు పెట్టి చెమ్మ చూసినట్టే ఉంటుంది ఇది. గుండెను మళ్ళీ నడిపించాక గొంతులోంచి ఎకో చేసి ఇంకోసారి చూస్తారు. కారుతుంటే అప్పటికప్పుడే మార్పిడికి దిగాలి. అంటే మార్పిడి తెలియని చేతులు రిపేరుకు దిగకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి, నాలుగో భాగంలో మళ్ళీ అవసరమవుతుంది.

3

ఇక లెక్కలు. 2007లో ఫెరింగా బృందం అప్పటికి అచ్చయిన 24 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. చీడ పట్టిన మైట్రల్ వాల్వుకు రిపేరు చేయించుకున్నవారు 470 మంది, మార్పిడి చేయించుకున్నవారు 724 మంది. ఆస్పత్రిలోనే చనిపోయినవారు రిపేరులో 2.3 శాతం, మార్పిడిలో 14.4 శాతం. దీర్ఘకాలంలో ఆ తేడా ఇంకా పెరిగి 7.8కి 40.5 అయింది. ఈ అంకెలు చూసినవాడికి ఇంక మాట్లాడేదేముంది అనిపిస్తుంది. ఆరు రెట్ల తేడా కనిపిస్తుంటే ఎవరు మాత్రం మార్పిడి చేయించుకుంటారు?

ఇక్కడే ఆగాలి. ఏ తలుపుకు రిపేరు చేశారు? రిపేరుకు వీలున్న తలుపుకు. ఏది మార్చారు? మిగిలేది ఏమీ లేనంతగా తిన్నదాన్ని. అంటే రెండు గుంపుల రోగులూ ఆపరేషన్ బల్ల ఎక్కకముందే ఒకటి కాదు. రిపేరు గుంపులో జబ్బు తక్కువ మేర పాకినవారు, వయసులో చిన్నవారు, క్రిమి అంత క్రూరం కానివారు ఎక్కువ. మార్పిడి గుంపులో గుమ్మంలో చీముగడ్డ ఉన్నవారు, స్టాఫిలోకాకస్ బారిన పడ్డవారు, కిడ్నీలు చెడినవారు ఎక్కువ. ఒక గుంపును బస్సులో, ఇంకో గుంపును అంబులెన్సులో ఆస్పత్రికి పంపి, బస్సెక్కితే ఆయుష్షు పెరుగుతుందని తేల్చడం లాంటిది ఇది. ఆ 2.3, 14.4ల మధ్య తేడాలో శస్త్రచికిత్స వల్ల వచ్చింది ఎంత, జబ్బు తీవ్రత వల్ల వచ్చింది ఎంత అన్నది ఆ అంకెలు చెప్పవు.

దీన్ని సరిదిద్దడానికి తర్వాతివాళ్ళు ప్రయత్నించారు. 2017లో తోయోడా బృందం న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో 1998 నుంచి 2010 దాకా చురుకైన చీడతో మైట్రల్ ఆపరేషన్ చేయించుకున్న 1,970 మంది రికార్డులు తీసింది. వయసు, మిగతా జబ్బులు, పరిస్థితి తీవ్రత ఇలాంటివన్నీ లెక్కలో సర్దుబాటు చేసి చూసింది. 12 ఏళ్ళు బతికినవారు రిపేరులో 68.8 శాతం, మార్పిడిలో 53.5 శాతం. చీడ మళ్ళీ వచ్చినవారు రిపేరులో 4.7 శాతం, మార్పిడిలో 9.5 శాతం. తేడా మునుపటంత భయంకరంగా లేదు, కానీ చెరిగిపోనూ లేదు. ముఖ్యంగా రెండో జత అంకెలు చూడండి. రోగి రెక్కలు ఉంచేస్తే క్రిమి దాక్కుంటుందన్న పాత అభ్యంతరం నిజమైతే చీడ తిరగబెట్టడం రిపేరులోనే ఎక్కువ ఉండాలి. జరిగింది తలకిందులు. కారణం వెతకడం కష్టం కాదు. లోహమూ, గుడ్డ అంచూ, పరాయి జంతువు కణజాలమూ క్రిమికి పట్టు దొరికే చోట్లు. కృత్రిమ వాల్వు ఉన్నవారిలో ఏటా నూటికి ఒకరికి అటూఇటూగా కొత్త చీడ వస్తుందన్న సంగతి వైద్యులందరికీ తెలిసిందే.

అయితే ఆస్పత్రి రికార్డుల్లో వయసు ఉంటుంది, మధుమేహం ఉంటుంది, రెక్కలో చిల్లు ఎంత పెద్దదో ఉండదు. సర్జన్ గుండె తెరిచి చూసిన క్షణంలో ఆయన నిర్ణయాన్ని మార్చిన వస్తువు ఏ పట్టికలోనూ ఎక్కదు. ఎంత సర్దుబాటు చేసినా ఆ ఖాళీ పూడదు. చీటీలు వేసి సగం మందికి రిపేరు, సగం మందికి మార్పిడి చేసి చూడొచ్చు కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. రిపేరుకు వీలైన వాల్వును చీటీ చెప్పిందని పీకేయడానికి ఏ సర్జనూ ఒప్పుకోడు. వీలుకానిదాన్ని చీటీ కోసం రిపేరు చేయనూ లేడు. కాబట్టి మన దగ్గర ఉన్న సాక్ష్యం ఇంతే: వీలున్నచోట రిపేరు నయం. యూరప్ కార్డియాలజీ సంఘం మార్గదర్శకాలు కూడా ఆ మాటే అంటున్నాయి. ఇందులో అసలు బరువంతా 'వీలున్నచోట' అన్న ఒక్క మాట మీదే ఉంది. వీలు దేని మీద ఆధారపడుతుందో వదిలేసి రిపేరును పొగడుతూ పోతే ఉపయోగం లేదు.

4

వీలు మొదట ఏ వాల్వు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇప్పటిదాకా నేను మైట్రల్ గురించే మాట్లాడాను. బృహద్ధమని మొదట్లో ఉండే అయోర్టిక్ వాల్వు సంగతి వేరు. అక్కడ మూడు చిన్న రెక్కలు, తాళ్ళు లేవు, కత్తిరించాక మిగిలే బట్ట తక్కువ. చిన్న చిల్లుకు అతుకు వేయగలరు కానీ చాలాసార్లు మార్చాల్సిందే. చీము గుమ్మంలోకి పాకితే ఇంకా కష్టం. పుచ్చిన గుమ్మానికి మేకు దిగదు. అలాంటి చోట గుమ్మంతో సహా తీసేసి, మరణించిన దాత నుంచి తీసిన వాల్వును కొందరు సర్జన్లు వాడతారు. కుడివైపు ట్రైకస్పిడ్ వాల్వుది మరో కథ. 1970లలో డెట్రాయిట్‌లో అగస్టిన్ అర్బులు మాదకద్రవ్యాల సూదులతో చీడ తెచ్చుకున్నవారికి ఆ వాల్వును తీసేసి, కొత్తది ఏదీ పెట్టకుండా వదిలేశాడు. కొంతకాలం బతికారు కూడా. తలుపు లేకపోయినా కొన్నాళ్ళు కాపురం సాగే చోటు అది.

రెండోది, చీడకు ముందు తలుపు ఎలా ఉంది అన్నది. ఇక్కడ మన దేశపు సమస్య ముందుకొస్తుంది. ఫెరింగా, తోయోడా లెక్కల్లోని రోగుల్లో ఎక్కువమంది సంపన్న దేశాలవారు. వాళ్ళలో చాలామందిది పెద్ద వయసులో సాగి వదులైన వాల్వు. బట్ట ఎక్కువుంటే కత్తిరించి కుట్టడం సులువు. మనవాళ్ళలో చీడ పట్టే మైట్రల్ చాలాసార్లు చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరం దెబ్బ తిన్నది. దాని రెక్కలు మందమై, కురచై, తాళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. అలాంటిదాన్ని బాగుచేయడం పాత తోలు చెప్పును కొత్త కాలికి సాగదీయడం లాంటిది. చేసినా ఎక్కువ కాలం నిలవదన్న భయం న్యాయమైనదే. కాబట్టి విదేశీ అంకెలు చూపించి మన సర్జన్లను రిపేరు చేయలేదేమని నిలదీయడం అన్యాయం. అసలు మందు ఇంకా వెనక ఉంది. పదేళ్ళ పిల్లవాడికి గొంతు నొప్పి, తర్వాత కీళ్ళ వాపు వచ్చినప్పుడు 21 రోజులకోసారి ఇచ్చే పెనిసిలిన్ సూది మానకుండా ఇప్పిస్తే ఆ వాల్వు ఈ బల్ల దాకా రాకపోవచ్చు.

మూడోది చేతి పని. రిపేరు నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మార్పిడిలో కొలత చూసి తెచ్చిన వాల్వు బిగిస్తారు. రిపేరులో ప్రతి గుండెకూ కొత్త పథకం వేసుకోవాలి. ఏడాదికి పది మైట్రల్ రిపేర్లు చేసే చోట చీడ పట్టిన వాల్వుకు రిపేరు చేయమని పట్టుబట్టడం రోగికి మేలు కాదు. అరకొర రిపేరు చేసి రక్తం కారుతుండగా బయటికి పంపడం కన్నా సరైన మార్పిడి నూరుపాళ్ళు మెరుగు. ఈ మాటను రిపేరు పక్షంవాళ్ళు కాస్త చిన్నగా చెబుతుంటారు, అది వాళ్ళ బలహీనత. మన తెలుగునాట మార్పిడి వాల్వు ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో మొదలైన సత్యసాయి ఆస్పత్రి పేదలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ వాల్వు ఆపరేషన్‌ను తెల్లకార్డు ఇంటి దాకా తెచ్చింది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో వలియత్తాన్ గారి బృందం తయారుచేసిన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. విదేశీ వాల్వు కొనలేని రోగికి అదొక ఆసరా అయింది. మార్పిడిని రెండో రకం చికిత్స అనడం ఈ చరిత్ర తెలియక అనే మాట.

5

ఇన్ని షరతులు చెప్పాక నా వాదన ఎక్కడ నిలుస్తుందని మీరు అడగాలి. వీలును నిర్ణయించే నాలుగో అంశం దగ్గర నిలుస్తుంది. అది కాలం. ఏ వాల్వు చెడిందన్నది మన చేతుల్లో లేదు. చిన్నప్పటి జ్వరం జరిగిపోయింది. సర్జన్ నైపుణ్యం మనం ఒక్కరోజులో మార్చలేం. కానీ చెద రెక్క అంచున ఉన్నప్పుడే పట్టుకుంటామా, గుమ్మం దాకా పాకాక పట్టుకుంటామా అన్నది మాత్రం మనుషుల చేతుల్లో ఉంది. రిపేరు, మార్పిడి మధ్య ఎంపిక ఆపరేషన్ థియేటర్లో జరుగుతుందని అందరూ అనుకుంటారు. నా ఉద్దేశంలో అది చాలావరకు జ్వరం మొదలైన రెండో మూడో వారంలోనే జరిగిపోతుంది. సర్జన్ దాన్ని చూసి ఒప్పుకుంటాడంతే.

దీనికి సాక్ష్యం ఉందా? నేరుగా లేదు, దగ్గరగా ఉంది. 2012లో కొరియాకు చెందిన డక్‌హ్యూన్ కాంగ్ బృందం ఒక పరీక్ష ప్రచురించింది. ఎడమవైపు వాల్వు బాగా చెడి, పెద్ద ముద్ద ఉన్న 76 మందిని చీటీలు వేసి రెండు గుంపులు చేశారు. 37 మందికి 48 గంటల్లో ఆపరేషన్ చేశారు. 39 మందికి మామూలు పద్ధతిలో మందులు మొదలుపెట్టి, అవసరమైతే ఆపరేషన్ అన్నారు. ఆరు వారాల్లో ఆస్పత్రి మరణమో, ముద్ద ముక్క ఊడిపోయి అవయవానికి అడ్డం పడటమో జరిగినవారు మొదటి గుంపులో ఒక్కరు, రెండో గుంపులో తొమ్మిది మంది. ఆరు నెలల మరణాల్లో పెద్ద తేడా లేదని కూడా చెప్పాలి, దాచకూడదు. రోగులు తక్కువ, పెద్దగా ఇతర జబ్బులు లేనివారు, కాబట్టి అందరికీ 48 గంటలే గడువని దీన్నిబట్టి అనలేం. అయినా ఒక విషయం తేలింది. మందు చీడను చల్లార్చాక తీరిగ్గా ఆపరేషన్ చేద్దామన్న పాత అలవాటు వల్ల పక్షవాతాలు వస్తున్నాయి. వాయిదా వేసిన గుంపులో కూడా 30 మంది చివరికి బల్ల ఎక్కారు. ఎలాగూ ఎక్కాల్సిన బల్ల ఆలస్యంగా ఎక్కారు, అంతే. ముద్ద ముక్కలు ఊడే ప్రమాదం మందు మొదలైన తొలి రెండు వారాల్లోనే ఎక్కువ.

తొందరపడితే రెక్క మెత్తగా ఉండి కుట్టు నిలవదని సర్జన్లు అనేవారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆగితే రెక్క గట్టిపడుతుందన్న హామీ ఏదీ లేదు, తరిగిపోతుందన్న ప్రమాదం మాత్రం ఖాయం. మెదడులో రక్తస్రావం జరిగిన రోగి విషయంలోనే ఆగడం తప్పదు. హార్ట్ లంగ్ మిషన్ నడవాలంటే రక్తాన్ని పలుచబరచాలి, అది మెదడులో మంటకు ఆజ్యం. ఇలాంటి చిక్కుల్లో ఒక్క డాక్టరు తీర్పు సరిపోదు. మార్సేల్‌లో కార్డియాలజిస్టు, సర్జను, సూక్ష్మజీవుల నిపుణుడు కలిసి కూర్చుని ఒకే ప్రణాళిక ప్రకారం నడవడం మొదలుపెట్టాక ఏడాది లోపు మరణాలు 18.5 శాతం నుంచి 8.2 శాతానికి తగ్గాయని 2009లో చూపించారు. కొత్త మందూ లేదు, కొత్త కత్తీ లేదు. ఫోను త్వరగా మోగింది.

మరి ఆలస్యం ఎక్కడ మొదలవుతుంది? ఆస్పత్రిలో కాదు. మనవాళ్ళ సూట్‌కేసులో మొదలవుతుంది. మీరు నవ్వుతున్నారు కానీ నిజం. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ సీసాతో పాటు ఒక మందుల కవరు వస్తుంది: పారాసిటమాల్, గ్యాస్ మాత్ర, ఒక అజిత్రోమైసిన్ పట్టీ, ఒక అమాక్సిసిలిన్ పట్టీ. జ్వరం వస్తే సెలవు పెట్టడానికి జంకి ఆ పట్టీలోంచి మూడు రోజులు వేసుకుంటాం. జ్వరం తగ్గుతుంది. పదిరోజులకు మళ్ళీ వస్తుంది, మళ్ళీ మూడు రోజులు. ఊళ్ళో అయితే ఆర్ఎంపీ డాక్టరు ఇంజెక్షన్‌తో ఇదే జరుగుతుంది. ఆ మూడు రోజుల మందు చీడను చంపదు. కానీ రక్తంలో క్రిమిని దొరకనంతగా అణగదొక్కుతుంది. తర్వాత ఆస్పత్రిలో బ్లడ్ కల్చర్‌కు రక్తం తీస్తే సీసాలో ఏమీ మొలవదు. ఏ క్రిమో తెలియక డాక్టరు గుడ్డి గురితో మందు మొదలుపెట్టాలి, వారాలు పోతాయి, రెక్క పోతుంది. యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే, వేర్వేరు చోట్ల సూది గుచ్చి మూడు జతల సీసాలకు రక్తం తీయడం రిపేరుకు వేసే మొదటి కుట్టు. వాల్వు లోపం ఉందని ముందే తెలిసినవారు వారం దాటిన జ్వరంతో వెళ్ళినప్పుడు, నాకు వాల్వు జబ్బు ఉంది అన్న ఒక్క ముక్క మొదట చెబితే చాలు.

6

చివరిగా, ఈ ఊళ్ళో కూర్చున్నవారికి ఈ ఎంపిక ఎందుకు ఎక్కువ బరువైనదో చెప్పాలి. లోహపు వాల్వు పెట్టించుకున్న మనిషి బతికినంతకాలం రక్తం పలుచబరిచే మందు వాడాలి. వార్ఫరిన్ గానీ, మన దేశంలో ఎక్కువగా రాసే అసిట్రోమ్ గానీ. మైట్రల్ స్థానంలో అయితే రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్‌ఆర్ సాధారణంగా 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డకట్టి బిగుసుకుంటుంది, పెరిగితే ఎక్కడో ఒకచోట రక్తం కారుతుంది. ఆ అంకె మన పళ్ళెం మీద కూడా ఆధారపడుతుంది. వారమంతా క్యాంపులో అన్నం, కోడికూర తిని, సెలవుకు కరీంనగర్ వెళ్ళి నెలరోజులు రోజూ తోటకూర, మునగాకు, పాలకూర తింటే ఐఎన్‌ఆర్ పడిపోతుంది. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటే ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. పరంజా మీద పనిచేసేవాడు, లారీ నడిపేవాడు, దెబ్బ తగిలే అవకాశం రోజూ ఉన్నవాడు ఈ మందు మీద ఉండటం అంటే ఏమిటో ఊహించండి. పిల్లల్ని కనాలనుకునే అమ్మాయికి ఇంకో చిక్కు. వార్ఫరిన్ గర్భం తొలి నెలల్లో పిండాన్ని దెబ్బతీయగలదు, మానేస్తే తల్లి వాల్వు గడ్డకట్టగలదు.

జంతు కణజాలపు వాల్వు పెట్టిస్తే ఆ మందు గొడవ కొన్ని నెలలతో తీరుతుంది కదా అంటారు. తీరుతుంది. కానీ ఆ వాల్వు పది పదిహేనేళ్ళకు అరుగుతుంది, వయసు తక్కువైతే ఇంకా ముందే సున్నం పట్టి బిగుసుకుంటుంది. ముప్ఫై ఏళ్ళ మనిషికి అది రెండో ఆపరేషన్‌కు రాసిచ్చిన ప్రామిసరీ నోటు. రిపేరు కూడా శాశ్వతం అనను, కొందరికి మళ్ళీ చేయాల్సి వస్తుంది. అయినా మూడిటిలో మనిషిని తన పాత జీవితానికి దగ్గరగా వదిలేది రిపేరే. ఆస్పత్రికి దగ్గరగా బతికే పెన్షనరుకు ఈ తేడా కొంచెమే. రెండు దేశాల మధ్య, రెండు మందుల షాపుల మధ్య, రెండు వంటల మధ్య బతికే మనిషికి చాలా ఎక్కువ. పాశ్చాత్య అధ్యయనాలు ఈ భారాన్ని కొలవలేదు. కొలిస్తే త్రాసు రిపేరు వైపు ఇంకాస్త మొగ్గుతుందని నా అంచనా. ఇది రుజువైన మాటగా కాక నా తర్కంగానే తీసుకోండి.

ఒక చిన్న పని చెప్పి కూర్చుంటాను. ఇక్కడ హమద్ వారి హార్ట్ హాస్పిటల్‌లో చేయించుకున్నా, హైదరాబాద్‌లో చేయించుకున్నా, డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్ అడిగి తీసుకోండి. ఏ రెక్క ఎంత మేర కత్తిరించారు, అతుకు ఎక్కడ వేశారు, తాళ్ళు ఎన్ని, రింగు సైజు ఎంత, చివరి ఎకోలో లీకు ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఆరు నెలల తర్వాత జగిత్యాలలోనో, అమలాపురంలోనో ఇంకో డాక్టరు ఎకో చేసి "కొంచెం లీకు ఉంది" అన్నప్పుడు, అది కొత్త లీకా, బల్ల మీదే మిగిలిపోయినదా అని తేల్చేది ఆ కాగితమే. దాన్ని పాస్‌పోర్టు పెట్టుకునే కవరులోనే పెట్టుకోండి.